సాహిత్య పరిభాష: మా మేడ మీది ట్యూషన్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ఇంటి మేడ మీద సాయంత్రాలు తెలుగు చెప్తుంటాను. వచ్చేవాళ్లలో సగం మంది డీఎస్సీ, టెట్ అనే టీచరు పరీక్షలకి చదివేవాళ్లు. కొందరు ఇంటర్ పిల్లలు. ఈమధ్య కథలు రాద్దామని సరదా పుట్టిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన కూడా వస్తున్నారు. ఎవరొచ్చినా తిప్పి తిప్పి ఇవే అడుగుతారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, మా దగ్గర అడిగినవాళ్లకే నేను చాలాసార్లు దొరికిపోయాను, ఆ సంగతి కూడా మధ్యలో వస్తుంది.

సార్, ఈ అలంకారాలు, ఛందస్సు పేర్లన్నీ తెలియకపోతే పద్యం అర్థం కాదా?

అవుతుంది. మీ అమ్మమ్మకి ఒక్క పేరూ తెలియదు, అయినా సంక్రాంతికి "సకినాలంటే మా పెద్దమ్మ చేసిన సకినాలే సకినాలు" అంటుంది. మాట అదే, అర్థం అదే, కానీ రెండోసారి అన్నప్పుడు "తినదగ్గవి, అసలైనవి" అనే భావం వచ్చి చేరింది. దీన్నే లాటానుప్రాస అంటారు. ఆమె వాడేసింది, మనం పేరు పెట్టాం, అంతే తేడా. పేరు తెలిస్తే ఒక లాభం ఉంది: నచ్చిన వాక్యం ఎందుకు నచ్చిందో పక్కవాడికి చెప్పగలుగుతారు.

ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకం, అతిశయోక్తి. ఈ నాలుగూ కలగాపులగం అయిపోతున్నాయి, ఎట్లా విడగొట్టాలి?

మార్చిలో ఒకసారి ఎనుమాముల మార్కెట్‌కి వెళ్లి రండి, అక్కడే తేలిపోతుంది. నిజంగానే చెప్తున్నాను. యార్డులో మిర్చి బస్తా విప్పి గుమ్మరిస్తే కళ్లు జిగేలుమంటాయి, ముక్కు మండుతుంది. ఇప్పుడు ఆ ఒక్క కుప్పనే రకరకాలుగా చెప్పి చూద్దాం.

"మిర్చి ఎర్రగా నిప్పుకణికల్లా ఉంది" అంటే ఉపమ. మిర్చి ఉపమేయం, నిప్పుకణికలు ఉపమానం, ఎరుపు సమానధర్మం, "లా" ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. "ఎర్రగా" తీసేస్తే లుప్తోపమ. ఇందులో మీరు పోలిక ఉంది అని మాత్రమే అంటున్నారు, మిర్చి మిర్చే, నిప్పు నిప్పే.

"ఎవరో పొయ్యిలోంచి నిప్పులు తోడి పోశారేమో అనిపించింది ఆ కుప్పని చూస్తే" అంటే ఉత్ప్రేక్ష. ఇక్కడ ఊహ మొదలైంది. అది మిర్చి అని మీకు తెలుసు, తెలిసీ మనసు ఇంకోవైపు లాగుతోంది.

"ఈ మిర్చినిప్పుల మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయి" అంటే రూపకం. పోలిక, ఊహ రెండూ అయిపోయాయి, మిర్చి నిప్పే అయిపోయింది. బొబ్బలెక్కడం నిప్పు చేసే పని కదా, ఆ పనిని మిర్చికి అంటగట్టేశారు.

"ఇక్కడ బస్తా విప్పితే ఖాజీపేట స్టేషన్‌లో రైలెక్కేవాళ్లు తుమ్మారు" అంటే అతిశయోక్తి. వివరణ అక్కర్లేదు.

ఇంతటితో ఆగకండి. "ఇది మిర్చి కాదు, నిప్పు" అని అసలు వస్తువునే కాదనేస్తే అపహ్నుతి. "మిర్చా, నిప్పా?" అని తేల్చుకోలేకపోతే సందేహం. చలికి వణుకుతూ వచ్చిన హమాలీ ఆ కుప్పని చూసి చేతులు కాచుకోబోయాడు అంటే భ్రాంతిమంతం, నిజంగానే పొరబడ్డాడు. అలంకారానికో లక్షణం బట్టీ కొట్టే బదులు, వాక్యం మనల్ని ఎంతవరకు నమ్మమంటోంది అని ఒక్క ప్రశ్న వేసుకోండి. పోలి ఉందని నమ్మితే చాలా, అదేనేమో అనుకోమంటోందా, అదే అని ఒప్పుకోమంటోందా?

అన్నట్టు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చిని టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు, బొద్దుగా టమాటాలా ఉంటుందని. టమాటా వంటి మిర్చి. అంటే ఆ పేరులోనే ఒక లుప్తోపమ ఉంది. దానికి రంగే గానీ కారం తక్కువ, కాబట్టి పైన నేను చెప్పిన తుమ్ములు మాత్రం చపాటావి కావు.

"వలె", "లాగా" కనిపిస్తే ఉపమ, "ఏమో" కనిపిస్తే ఉత్ప్రేక్ష అని రాసేయొచ్చా? మా గైడ్‌లో అట్లే ఉంది.

మొదట్లో నేనూ అట్లాగే చెప్పేవాణ్ని. తొందరగా అయిపోతుంది, పిల్లలకి ధైర్యంగా ఉంటుంది. ఒకరోజు ఒకమ్మాయి లేచి "సార్, అమ్మ నిన్ననే ఊరి నుంచి వచ్చిందేమో, ఇది ఉత్ప్రేక్షేనా?" అంది. గడియారం చూసుకుంటూ "అవునమ్మా, ఏమో ఉంది కదా" అన్నాను. పదిరోజుల తర్వాత మోడల్ టెస్ట్‌లో అట్లాంటిదే వస్తే పదకొండు మంది తప్పు రాశారు, తప్పు నాది. అమ్మ వచ్చిందో లేదో తెలియక అడిగిన మాటలో పోలికెక్కడుంది, ఉపమానమెక్కడుంది? అది ఉట్టి సందేహం, సందేహాలంకారం కూడా కాదు.

"లాగా" సంగతీ అంతే. "మా అన్న మా నాయనలాగే పొడుగు" అంటే ఉన్న విషయం చెప్పారు, చమత్కారం లేదు. ఆవులాంటిదే గవయం అని పాతవాళ్లు చెప్పే ఉదాహరణ కూడా ఇదే, గవయమంటే అడవిఆవు. పోలిక ఉన్నంత మాత్రాన అలంకారం కాదు. "నువ్వు చెప్పినట్లే చేశాను" అన్నప్పుడు "అట్లు" ఉంది, ఉపమ లేదు.

"ముఖపద్మం" ఉపమా, రూపకమా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

ఇది మంచి ప్రశ్న, ఎవరడిగినా టీ తెప్పిస్తాను. పద్మం వంటి ముఖం అని విడదీస్తే ఉపమ, సమాసం ఉపమాన ఉత్తరపద కర్మధారయం. ముఖమనెడి పద్మం అంటే రూపకం, రూపక సమాసం. మాట ఒక్కటే, తేల్చేది పక్కనున్న క్రియ. "ముఖపద్మం వికసించింది" అంటే వికసించేది పువ్వు, కాబట్టి ముఖం పువ్వైపోయింది, రూపకం. "ముఖపద్మం చిరునవ్వు నవ్వింది" అంటే నవ్వేది ముఖం, పద్మం పోలికకి వచ్చి కూర్చుంది, ఉపమ. అట్లాగే సంసారసాగరం "ఈదాలి" అంటే ఈదేది సాగరాన్ని, రూపకం. వాక్యం ఇవ్వకుండా మాట ఒక్కటే ఇచ్చి నాలుగు ఆప్షన్లు పెడితే అది ప్రశ్న తయారు చేసినవాళ్ల పొరపాటు, మీరు టెన్షన్ పడకండి.

రూపకం అంటే అలంకారం అన్నారు, మళ్లీ నాటకం అన్నారు, రేడియోలో సంగీత రూపకం అంటారు. ఏది నిజం?

అన్నీ నిజమే. కంటితో చూసే కావ్యాన్ని, అంటే నటులు రూపం కట్టి ఆడేదాన్ని, సంస్కృతంలో రూపకం అన్నారు. అందులో పది రకాలు, దశరూపకాలు. నాటకం అందులో ఒకటి, ప్రహసనం ఒకటి, వీథి ఒకటి. రేడియో రూపకం ఈ దారిలో వచ్చింది. అలంకారంలో రూపకం వేరు: ఉపమేయానికి ఉపమానం రూపం ఇవ్వడం. తాళాల్లో కూడా ఒక రూపకం ఉంది, దాని జోలికి మనం పోవద్దు.

ఈ రెండర్థాలూ ఒకే పుస్తకంలో కావాలంటే మన ఊరి పుస్తకమే ఉంది. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు సంస్కృతంలో రాసిన అలంకారశాస్త్రం, ప్రతాపరుద్రీయం, దాన్నే ప్రతాపరుద్రయశోభూషణం అని కూడా అంటారు. లక్షణం చెప్పడం, దానికి ఉదాహరణగా ఒక శ్లోకం, ప్రతి శ్లోకంలోనూ పొగడ్త తన రాజుకే. నాటకానికి లక్షణం చెప్పాల్సి వచ్చినప్పుడు శ్లోకం సరిపోదు కదా, అందుకని ఏకంగా రాజు మీద ఒక నాటకమే రాసి పుస్తకం మధ్యలో పెట్టేశాడు. నాకైతే ఈ తెగింపు భలే నచ్చుతుంది. 1323లో ఓరుగల్లు పడిపోయింది, కానీ ఈ పుస్తకం నిలిచి దక్షిణాదిలో అలంకారశాస్త్రం చదివేవాళ్లకి పాఠ్యగ్రంథమైంది. దానికి రత్నాపణమనే వ్యాఖ్య రాసిన కుమారస్వామి, మెదక్ వైపు కొలిచెలమ నుంచి వచ్చిన మల్లినాథసూరి కొడుకు. పొరుగూరివాళ్లే అనుకోండి.

ఇక వీథి అనే రకం చూడాలంటే వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామం. ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ కనిపించినవన్నీ చెప్పుకుంటూ పోతారు. మన వీధులే, కాకపోతే ఆటోలు లేవు.

ఛేకానుప్రాస, యమకం, లాటానుప్రాస తేడా ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో కుదరదు, మూడు ముక్కలు. లాటం పైన చెప్పాను: మాట అదే, అర్థం అదే, తాత్పర్యం వేరు. ఛేకం: అర్థం వేరైన హల్లుల జంట ఎడం లేకుండా వెంటనే రావాలి, అరటి తొక్క తొక్కరాదు అన్నట్టు. యమకం: అర్థం వేరైన అక్షరాల గుంపు మళ్లీ రావాలి, మధ్యలో ఎడం ఉన్నా ఫర్వాలేదు. మన దగ్గర వానలు పడకపోతే "కాలం కాలేదు" అంటారు, పెద్దవాళ్లు పోతే "కాలం చేసిండు" అంటారు. "ఆ ఏడు కాలం కాలేదు, ఆ దిగులుతోనే మా తాత కాలం చేసిండు." ఇది మా క్లాసులో ఒకబ్బాయి చెప్పిన వాక్యం. యమకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు పుస్తకాల్లో దొరకలేదు. చెప్పాక వాడు కాసేపు మాట్లాడలేదు.

శ్లేష దీనికి దగ్గరి చుట్టం, కానీ అక్కడ మాట ఒక్కసారే వస్తుంది, అర్థాలు రెండు వస్తాయి. "మిమ్ము మాధవుడు రక్షించుగాక" అన్నది అందరికీ తెలిసిందే: మాధవుడు అని విడదీస్తే విష్ణువు, ఉమాధవుడు అని విడదీస్తే శివుడు.

ప్రాస అంటే చివర్లో కలిసే అక్షరమే కదా? సినిమా పాటల్లో అట్లాగే ఉంటుంది.

అది అంత్యప్రాస. తెలుగు పద్యంలో ఉట్టిగా ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం ఇవన్నీ నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం దగ్గర ఒకే హల్లు ఉండాలంటాయి, దాని మీది అచ్చు మారినా ఫర్వాలేదు. ఆటవెలది, తేటగీతి, సీసాలకి ఈ నియమం లేదు. వీటికి లేదని తెలియక వేమన ఆటవెలదిలో ప్రాస వెతికి, దొరక్క, వేమన తప్పు రాశాడని రాసిన జవాబు పత్రం కూడా దిద్దాను.

పోతన ఈ అంత్యప్రాసలకీ అనుప్రాసలకీ పెట్టింది పేరు. ఆయన ఊరు బమ్మెర, సోమనాథుడి పాలకుర్తికి పక్కనే. పక్కపక్క ఊళ్లే గానీ దారులు వేరు, పోతన పద్యం వైపు, సోమన్న ద్విపద వైపు. ద్విపదంటే రెండు పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం (గణమంటే గురులఘువుల గుంపు, వాటి సంగతి కింద వస్తుంది), ప్రాస తప్పనిసరి. ప్రాస వదిలేస్తే మంజరీ ద్విపద.

యతి అంటే ఆగడం అంటారు. మరి యతి మైత్రి ఏంటి?

సంస్కృతంలో యతి అంటే విరామమే. తెలుగులో మాత్రం ఆ స్థానంలో ఉన్న అక్షరం పాదం మొదటి అక్షరంతో స్నేహం చేయాలి, అంటే దానికి జత కుదిరే అక్షరం కావాలి. దీన్నే వడి అని కూడా అంటారు. ఉత్పలమాలకి పదో అక్షరం, చంపకమాలకి పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. ఈ నాలుగు అంకెలు మాత్రం బట్టీ పట్టండి, వేరే దారి లేదు.

గురువు, లఘువు గుర్తులు పెట్టడం రావట్లేదు సార్.

పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువసేపు పట్టేది లఘువు. మన ఊళ్ల పేర్లతో మొదలుపెట్టండి. దీర్ఘమైతే గురువు, సున్నా ఉంటే గురువు, తర్వాతి అక్షరం ద్విత్వమో సంయుక్తమో అయితే దాని ముందున్నది గురువు. మిగతావి మామూలుగా లఘువులు.

హనుమకొండ: హ, ను, మ మూడూ లఘువులు, కొం గురువు, డ లఘువు. అంటే మూడు లఘువుల నగణం, గురువు లఘువు కలిసిన హగణం. ఓరుగల్లు: ఓ గురువు, రు లఘువు, గ గురువు ఎందుకంటే తర్వాత ల్లు ఉంది, ల్లు లఘువు. అంటే రెండు హగణాలు. సూర్యగణాలంటే ఈ రెండే, నగణం, హగణం. కాబట్టి మన రెండు ఊళ్లూ చెరి రెండు సూర్యగణాలు! ఆటవెలది రెండో పాదంలో, నాలుగో పాదంలో ఐదు సూర్యగణాలు కావాలి, రెండు ఊరే ఇచ్చేసింది, ఇంకో మూడు మీరు వెయ్యండి.

"హనుమకొండ దాటి యమ్మ వచ్చె." హనుమ, కొండ, దాటి, యమ్మ, వచ్చె, ఐదు. యతి నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర: హ కి, య కి మైత్రి ఉంది. "దాటి అమ్మ" కాస్తా "దాటి యమ్మ" ఎందుకైందంటారా, క్త్వార్థంలో, అంటే "దాటి" లాంటి పని ముగిసిందని చెప్పే మాటలో, ఉన్న ఇకారానికి సంధి లేదు, యడాగమం వస్తుంది, అంటే మధ్యలో య వచ్చి చేరుతుంది. చూశారా, ఒక్క బస్సు ప్రయాణంలో ఛందస్సు, యతి, సంధి మూడూ అయిపోయాయి. కవిత్వం మాత్రం అందులో లేదు, ఒప్పుకుంటాను.

ఖాజీపేటని మాత్రం ఆటవెలదిలో గణం మొదట పెట్టి చూడండి, మూడు గురువులు వరసగా వచ్చి ఇరుక్కుపోతుంది. పెద్ద జంక్షన్ కదా, అందరూ ఆగాల్సిందే.

రసం అంటే భావమే కదా?

కాదు. శోకం భావం, కరుణ రసం. ఇంట్లో మనిషి పోతే కలిగేది శోకం, దాన్ని ఇంకోసారి కావాలని ఎవరూ కోరుకోరు. ఒగ్గుకథలో కథకుడు గొంతు బొంగురు చేసుకుని బిడ్డను వదిలి పోతున్న తల్లి మాటలు చెప్తుంటే ఆడవాళ్లంతా కొంగు కళ్లకద్దుకుంటారు, మళ్లా వచ్చే ఏడు అదే కథ చెప్పమంటారు. ఏడుపే అయినా అందులో ఏదో తృప్తి ఉంది చూడండి, అదీ రసం. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిది రసాలే చెప్పాడు, శాంతం తర్వాత చేరి నవరసాలైంది. రసాలుగా మారే భావాల, అంటే స్థాయీభావాల, పట్టిక ఏ గైడ్‌లోనైనా ఉంటుంది, ఇక్కడ మళ్లీ రాయను.

ధ్వని, వ్యంగ్యం, వెటకారం ఒకటేనా?

వ్యంగ్యం అనే మాటతోనే వచ్చింది చిక్కంతా. శాస్త్రంలో వ్యంగ్యమంటే సూచనగా తోచే అర్థం. రోజువారీ తెలుగులో వ్యంగ్యమంటే ఎత్తిపొడుపు. విమర్శ వ్యాసం చదివేటప్పుడు ఏ వ్యంగ్యమో చూసుకోండి.

మాటకి మూడు శక్తులు. ఉన్న అర్థం చెప్పేది అభిధ. అది పొసగనప్పుడు పక్క అర్థం తీసుకొచ్చేది లక్షణ: "సాయంత్రమైతే హనుమకొండంతా భద్రకాళి చెరువుకట్ట మీదే" అంటే ఊరు లేచి నడవదు, ఊళ్లో జనం అని. మూడోది వ్యంజన. చీకటి పడే వేళ ఇంటికొచ్చిన చుట్టంతో మా నాయనమ్మ "ఇప్పుడు నీకు బస్సు దొరుకుతదా బిడ్డా?" అనేది. అందులో బస్సుల టైమింగ్ గురించిన ప్రశ్న తప్ప ఇంకేం లేదు. కానీ నచ్చిన చుట్టమైతే "ఉండిపో" అని, నచ్చనివాడైతే "ఇంక లెయ్యి" అని. ఇద్దరికీ సరిగ్గానే అర్థమయ్యేది! వాక్యం మారలేదు, అర్థం ఎక్కడా రాసి లేదు, అయినా చేరింది. ఇట్లా తోచిన అర్థమే ముఖ్యమై కూర్చుంటే దాన్ని ధ్వని అన్నాడు ఆనందవర్ధనుడు, తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరంలో.

ఎత్తిపొడుపుకి కూడా శాస్త్రంలో చోటుంది. పైకి పొగుడుతూ లోపల తిట్టడం, లేదా పైకి తిడుతూ పొగడడం, వ్యాజస్తుతి. "మా తమ్ముడు ఎంత మర్యాదస్థుడంటే, తీసుకున్న అప్పు గుర్తుచేసి మమ్మల్ని ఇబ్బంది పెట్టడు."

ప్రతీక, పదచిత్రం, రూపకం?

పదచిత్రం కంటికో చెవికో ముక్కుకో తగిలేలా రాసింది ఏదైనా కావచ్చు. రూపకం ఆ వాక్యంలోనే పుట్టి అక్కడే పని ముగిస్తుంది. ప్రతీక అట్లా కాదు, రచనంతా తిరుగుతూ బరువు పెంచుకుంటుంది. కథలో మొదటి పేజీలో తాళం వేసిన తలుపు ఉత్త తలుపే. ఐదో పేజీలో మళ్లీ కనిపిస్తే అనుమానమొస్తుంది. చివర్లో ఎవరూ తీయకపోతే ప్రతీక.

వచన కవితకి నియమాలేమీ లేవా?

ఛందస్సు లేదు, లయ ఉండాలి. నానీలకి మాత్రం లెక్క ఉంది, ఎన్. గోపి మొదలుపెట్టిన ప్రక్రియ అది: నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు. బతుకమ్మ పాటలో ప్రతి చరణం చివరా వచ్చే ఉయ్యాలో కూడా లయ కోసమే, దానికి అర్థం వెతక్కండి, చప్పట్లకి అది ఆసరా.

కథలో "నేను" అంటే రచయితే కదా సార్?

ఇది బ్యాంకు ఆయన ప్రశ్న. కాదండీ, "నేను" కూడా ఒక పాత్రే, దానిది ఉత్తమపురుష కథనం. రచయిత ఆడమనిషై "నేను" మగవాడు కావచ్చు, ఆ "నేను" మనకి అబద్ధాలు చెప్పొచ్చు కూడా. అందరి మనసుల్లోకీ దూరగల కథనం సర్వసాక్షి. ఎత్తుగడ అంటే కథ మొదలుపెట్టే తీరు, కొసమెరుపు అంటే చివరి మలుపు. ఆయన రాసిన మూడు కథల్లోనూ కొసమెరుపు ఉంది, మూడింట్లోనూ హీరో నిద్రలేచాడు. నాలుగోది రాస్తున్నారు.

మాండలికం వాడితే మార్కులు పోతాయా?

వ్యాకరణం జవాబులో వాడకండి. కథలో పాత్ర నోట వాడకపోతేనే పోతాయి, కనీసం నా దగ్గర. కాళోజీ బడిపలుకుల భాష, పలుకుబడుల భాష అని రెండుగా విడదీశారు కదా, ఆ మాటలు చూడండి: బడి, పలుకు అనే రెండు ముక్కలనే తిరగేసి కూర్చారు, తిరగేయగానే అర్థం పూర్తిగా మారిపోయింది. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం.

చివరి డౌట్ సార్. ఉన్నది ఉన్నట్టు చెప్తే స్వభావోక్తి అంటారు, అందులో అలంకారం ఏముంది?

ఈ డౌట్ మీకే కాదు, సంస్కృత ఆలంకారికుడు కుంతకుడికీ వచ్చింది. స్వభావం అనేది అలంకరించాల్సిన ఒళ్లు, నగ ఎట్లా అవుతుంది అని ఆయన ఒప్పుకోలేదు. ఆయనకి ముందటి ఆలంకారికుడు దండి మాత్రం అలంకారాల్లో దాన్నే ముందు పెట్టాడు. నేను దండి వైపు. కారణం, పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి స్వభావోక్తికి సొంత ఉదాహరణ రాయమంటే ఇట్లా రాసింది:

"మా నాయనమ్మ పత్తి ఏరేటప్పుడు ఎడమచేత్తో కొమ్మ వంచుతుంది, కుడిచేతి మూడు వేళ్లతో దూది లాగుతుంది, ఎండిన కాయ పెంకు గీరుకుంటే వేలు నోట్లో పెట్టుకుంటుంది, తీసి చూసుకుని, మళ్లీ అదే కాయలో మిగిలిన పోగు లాగుతుంది."

ఎక్కడా "లాగా" లేదు, "ఏమో" లేదు. పదికి తొమ్మిది వేశాను. ఒకటి తగ్గించింది "కొమ్మ"కి ఒత్తు మర్చిపోయినందుకు, పైన నేనే దిద్దాను.